రంగుల పేర్లు చెప్పే వేగానికి, చదువుకు సంబంధం ఏమిటి? ‘ర్యాన్’ పరీక్షపై ఒక పరిశీలన

క్లుప్తంగా: పిల్లలకు బాగా తెలిసిన రంగులు, బొమ్మలు, అంకెలు, అక్షరాల పేర్లను వరసగా చకచకా చెప్పించి, పట్టిన సమయాన్ని కొలిచే పరీక్ష ‘ర్యాన్’ (ర్యాపిడ్ ఆటోమేటైజ్డ్ నేమింగ్). చదవడంలో రాబోయే ఇబ్బందిని ముందుగా పసిగట్టడానికి వాడతారు. రాసింది రాసినట్టే పలికే తెలుగులో, తప్పుల లెక్క దొరకబుచ్చుకోలేని పిల్లలను ఇది దొరకబుచ్చుకుంటుంది. కానీ ఇంగ్లిష్ పిల్లల కోసం కట్టిన ప్రమాణాలను (పోల్చి చూసుకునే వయసువారీ సమయాల పట్టికను) తెలుగు, ఉర్దూ పిల్లల మీద పెడితే ఫలితం తారుమారవుతుంది. డిస్లెక్సియా (తెలివితేటలు బాగానే ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్య) ఉందని గానీ లేదని గానీ ఈ ఒక్క పరీక్షతో తేల్చలేం.

బడిలోనో, థెరపీ సెంటర్‌లోనో పిల్లలకు రీడింగ్ స్క్రీనింగ్ చేయించిన తల్లిదండ్రుల చేతికి వచ్చే రిపోర్టులో ‘ర్యాపిడ్ నేమింగ్ – సగటు కన్నా తక్కువ’ అన్న వరస ఒకటి కనిపిస్తుంటుంది. మిగతా వరసలు అర్థమవుతాయి. అక్షరాలు ఎన్ని వచ్చు, పదాలు ఎన్ని తప్పు చదివాడు అన్నవి ఎవరికైనా తెలిసే సంగతులే. ఎరుపు, నీలం, పసుపు అని గబగబా చెప్పలేకపోతే చదువులో వెనకబడతాడని ఎందుకు అనుకోవాలన్న దగ్గరే చిక్కు.

కార్డు మీద ఏముంటుంది

ఒక కార్డు మీద ఐదు వరసలు, వరసకు పది గళ్లు, మొత్తం 50. వాటిలో ఉండేవి ఐదే ఐదు వస్తువులు. ఒక్కోటి పదిసార్లు, క్రమం లేకుండా వస్తుంది. ఒకటే వస్తువు పక్కపక్కన రెండుసార్లు రాకుండా చూస్తారు. ఎడమ నుంచి కుడికి, పై వరస నుంచి కింది వరసకు, పుస్తకం చదివినట్టే పేర్లు చెప్పుకుంటూ పోవాలి. మొదటి పేరు పలికినప్పుడు స్టాప్‌వాచ్ మొదలవుతుంది, యాభయ్యో పేరుతో ఆగుతుంది. ఇలాంటి కార్డులు నాలుగు రకాలు: రంగులు, బొమ్మలు, అంకెలు, అక్షరాలు.

తెలుసా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఐదూ పిల్లలకు కచ్చితంగా తెలిసినవే ఉండాలి. తెలిసినదాన్ని నోటికి తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతోందన్నదే కొలత.

ఈ ఆలోచనకు మూలం అమెరికా న్యూరాలజిస్టు నార్మన్ గెష్విండ్ 1965లో వేసిన ఊహ. కంటికి కనిపించిన రంగును నోటి మాటతో కలిపే మెదడు దారులే తర్వాత అక్షరాన్ని శబ్దంతో కలపడానికీ పనికొస్తాయని ఆయన అనుకున్నారు. ఆయన శిష్యురాలు మార్తా డెంక్లా, రీటా రూడెల్‌తో కలిసి 1974, 1976లలో దీన్ని పరీక్షగా మలిచారు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు రంగుల పేర్లు తప్పు చెప్పలేదు, ఆలస్యంగా చెప్పారు. తర్వాత చదువు మీద పరిశోధన చేసే మేరియన్ వుల్ఫ్ ఈ పనిని ముందుకు తీసుకెళ్లారు. వుల్ఫ్, డెంక్లా 2005లో ప్రచురించిన పరీక్షకు 5 నుంచి 18 ఏళ్ల వరకూ ప్రమాణాలున్నాయి. అవన్నీ అమెరికా పిల్లలవి.

ఆ అర నిమిషంలో జరిగేది

ఒక గడి పేరు చెప్పాలంటే కన్ను దాన్ని గుర్తుపట్టాలి, మెదడు దాని పేరును వెతకాలి, ఆ పేరులోని శబ్దాలను వరసలో పేర్చాలి, నాలుక పలకాలి. ఇది ఒక్క గడి సంగతి. యాభై గళ్లు వరసగా ఉన్నప్పుడు ఇంకో పని తోడవుతుంది: నోరు మూడో గడి పేరు పలుకుతుండగానే కన్ను నాలుగో గడి మీదికి వెళ్లిపోవాలి, అక్కడ చూసిన దాన్ని మెదడు అప్పుడే సిద్ధం చేసుకోవాలి. అదే సమయంలో ఇప్పుడే చెప్పిన పేరును పక్కకు తోసేయాలి. ధారాళంగా చదివేవారి కన్ను ఎప్పుడూ నోటి కన్నా కొంచెం ముందు ఉంటుంది. ఈ పరీక్ష అదే పనిని, అర్థం చేసుకోవాల్సిన బరువు లేకుండా, చిన్న రూపంలో చేయిస్తుంది.

బొమ్మలను ఒక్కొక్కటిగా తెర మీద చూపించి పేరు అడిగితే చదువుతో సంబంధం బాగా పలచబడుతుంది. వరసగా చెప్పించినప్పుడే గట్టిగా కనిపిస్తుంది. అందుకే ఫ్లాష్‌కార్డులు ఒకదాని తర్వాత ఒకటి చూపించి ‘మావాడు టకటకా చెప్పేస్తున్నాడు’ అనుకోవడం ఈ పరీక్షకు సాటి రాదు.

పట్టిన సమయం అంతా ఒకే రకం కాదు. అందులో కొంత పేరు పలకడానికి పట్టింది, కొంత ఒక పేరుకూ ఇంకో పేరుకూ మధ్య మౌనం. చదువు వేగంతో ముడిపడేది ప్రధానంగా ఈ రెండోదేనని, అంటే మధ్యలో ఆగే సమయమేనని, విడదీసి కొలిచిన అధ్యయనాలు చూపాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ కలిసి నడిచే హైదరాబాద్‌లాంటి ఊళ్లో ఈ తేడా చాలా ముఖ్యం.

తెలుగులో వేగానికే ఎందుకు బరువు

ఇంగ్లిష్‌లో ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలుకుతుంది కాబట్టి ఇబ్బంది ఉన్న పిల్లలు పదాలను తప్పు చదువుతారు, టీచర్‌కు దొరికిపోతారు. తెలుగులో అలా కాదు. గుణింతాలు, ఒత్తులు వచ్చాయంటే పదం ఎంత కొత్తదైనా కూడబలుక్కుని చదివేయొచ్చు. మూడో తరగతికి వచ్చినా ‘రా… ష్ట్రం… లో’ అని ఒక్కో అక్షరం తడుముకునే పిల్లలు తప్పుల పట్టికలో పడరు. ‘అక్షరాలన్నీ వచ్చు, కాకపోతే నిదానం’ అన్న మాటతో ఏళ్లు గడిచిపోతాయి. జర్మన్ కూడా ఇలా రాసినట్టే పలికే లిపి. అక్కడి పిల్లల మీద హైంజ్ విమ్మర్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తీరు కనిపించింది: డిస్లెక్సియా ఉన్నవారు దాదాపు సరిగ్గానే చదివారు, కానీ బాగా నెమ్మదిగా. వారిని మిగతావారి నుంచి వేరు చేసిన కొలతల్లో పేర్లు చెప్పే వేగం ముందుంది.

తెలుగుకు ఇంకో మెలిక ఉంది. వర్ణమాల పూర్తయ్యాక గుణింతాలు, ఆపైన ఒత్తులు, ‘లక్ష్మి’లో, ‘స్త్రీ’లో ఉన్నట్టు హల్లు మీద హల్లు చేరిన గుత్తులు నేర్చుకోవాలి. మన లిపికి తోబుట్టువైన కన్నడలో సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాల మీద పట్టు చిక్కడం ఒకటి రెండు తరగతులతో అయిపోదని, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని చూపింది. కాబట్టి ఒకటో తరగతిలో అక్షరాల కార్డుతో వేగం కొలిస్తే, అది తెలిసిన అక్షరాన్ని నోటికి తెచ్చుకునే వేగమో, ఇంకా సరిగా రాని అక్షరాన్ని వెతుక్కునే తడబాటో చెప్పలేం. ఆ వయసుకు రంగులు, బొమ్మలే నయం. రెండో తరగతి సగం దాటాక అంకెలు, అక్షరాల కార్డులు ఎక్కువ చెబుతాయి.

ఒకే పిల్ల, మూడు భాషలు, మూడు ఫలితాలు

డెంక్లా, రూడెల్ అంకెల కార్డులో ఉన్నవి 2, 4, 6, 7, 9. వీటిని ఇంగ్లిష్‌లో చెబితే ‘సెవెన్’కు రెండు, మిగతా వాటికి ఒక్కోటి, మొత్తం 6 పలుకులు (సిలబుల్స్). తెలుగులో రెండు (2), నాలుగు (3), ఆరు (2), ఏడు (2), తొమ్మిది (3), మొత్తం 12. ఉర్దూలో దో, చార్, ఛే, సాత్, నౌ: ఐదే ఐదు. ఒక్కోటి పదిసార్లు వస్తుంది కాబట్టి అదే కార్డు పూర్తిచేయడానికి ఇంగ్లిష్‌లో 60, తెలుగులో 120, ఉర్దూలో 50 పలుకులు కావాలి.

సెకనుకు 5 పలుకుల చొప్పున పలికే పిల్లను తీసుకుందాం. మధ్యలో ఎక్కడా ఆగకపోయినా తెలుగులో 24 సెకన్లు, ఇంగ్లిష్‌లో 12, ఉర్దూలో 10 పడుతుంది. ఈ తేడాలో మెదడు వెతుకులాట ఒక్క సెకను కూడా లేదు. ఇంగ్లిష్ పిల్లల పట్టిక తీసి తెలుగు సెకన్లను అందులో పెట్టి చూస్తే, ఆరోగ్యంగా చదివే పిల్ల కూడా ‘సగటు కన్నా తక్కువ’ గడిలో పడుతుంది. అదే పట్టికలో ఉర్దూ సెకన్లు పెడితే నిజంగా ఇబ్బంది ఉన్న పిల్ల తప్పించుకుపోవచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు.

రంగుల కార్డు ఇంకా చిక్కు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు కలిపి 15 పలుకులు, అదే ఇంగ్లిష్‌లో 6. దానికి తోడు ‘పచ్చ’ అంటే కొన్ని ఇళ్లలో ఆకుపచ్చ, కొన్ని ఇళ్లలో పసుపుపచ్చ. ఆ రెండు రంగులూ ఒకే కార్డులో ఉంటే పిల్ల ప్రతిసారీ ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ తటపటాయింపు పదిసార్లు, ఇరవైసార్లు కలిసి రిపోర్టులో లోపంగా కనిపిస్తుంది.

ఇక నగరంలో పిల్లలు మాట్లాడే తీరు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా బడిలో అంకెలను ‘టూ, ఫోర్’ అనే నేర్చుకుంటున్నారు, రంగులను ‘రెడ్, బ్లూ’ అనే అంటున్నారు. వాళ్లను పట్టుబట్టి ‘రెండు, నాలుగు’ అనిపిస్తే ఒక్కో గడి దగ్గర లోపల అనువాదం నడుస్తుంది. పాతబస్తీలో ఉర్దూ ఇంటి పిల్లలకు తెలుగు అక్షరాల కార్డు ఇవ్వడమూ ఇలాంటిదే. తెలంగాణలో 2018 నాటి చట్టంతో అన్ని బడుల్లో తెలుగు బోధన తప్పనిసరైంది కాబట్టి వారికి అక్షరాలు పరిచయమే, కానీ అది రెండో, మూడో లిపి. ఏ వస్తువు పేరు పిల్ల నోటికి ఏ భాషలో ముందుగా వస్తుందో ఆ భాషలోనే చెప్పనివ్వాలి, కాకపోతే కార్డు పొడుగునా ఒకే భాషలో. ‘టూ, నాలుగు, సిక్స్, ఏడు’ అని కలిపి చెప్పిన సమయానికి విలువ లేదు.

చేసే పద్ధతి, చెడే చోట్లు

డెంక్లా, రూడెల్ బొమ్మల కార్డులోని దువ్వెన, తాళంచెవి, గడియారం, కత్తెర, గొడుగు బొమ్మలు మన పిల్లలకు పనికిరావు. తాళంచెవిని ఒకరు ‘తాళం’ అంటారు, ఒకరు ‘చెవి’ అంటారు, ఇంకొకరు ‘చాబీ’ అంటారు. తెలుగు కార్డుకు ఒకే పేరున్న, పొట్టి పేరున్న వస్తువులు కావాలి: కుక్క, చేప, ఆవు, చెట్టు, ఇల్లు. అన్నీ రెండేసి పలుకులు. అక్షరాలకు రూపంలో, శబ్దంలో పోలిక లేనివి ఎంచాలి: గ, మ, ల, ట, స లాంటివి. న–స, ప–వ, ద–ధ, బ–భ జంటలు ఒకే కార్డులో ఉంటే అది వేగం పరీక్ష కాదు, కంటి పరీక్ష అవుతుంది.

కార్డును అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం మీద, గళ్ల మధ్య సమానమైన ఖాళీతో, పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తారు. ముందు ఐదు వస్తువులనూ విడిగా చూపించి పేర్లు అడగాలి. ఒక్కటి తడబడినా ఆ కార్డు ఆ పూటకు పక్కన పెట్టేయాలి. తర్వాత పది గళ్ల ప్రాక్టీసు వరస. అప్పుడు అసలు కార్డు. చెప్పే మాట ఒక్కటే: ‘తప్పు పోకుండా, ఎంత తొందరగా చెప్పగలిగితే అంత తొందరగా చెప్పు.’ తొందరపెట్టే మాటలు, మధ్యలో ‘ఊఁ, ఊఁ’ అనడం, తప్పును దిద్దడం ఏవీ ఉండకూడదు. వరస దాటేసినా, అదే వరస మళ్లీ చెప్పినా వేలితో సరైన చోటు చూపించి, ఆ సంగతి రాసుకోవాలి. వరస చివర నుంచి కింది వరస మొదటికి కన్ను దూకడంలోనే ఇబ్బంది పడేవారు ఉంటారు. సెకన్లు వారిని మిగతావారితో కలిపేస్తాయి, ఈ రాత విడదీస్తుంది.

ఫోన్‌లో ఆడియో రికార్డు చేయడం తప్పనిసరి అనుకోవాలి. ఉచితంగా దొరికే ప్రాట్, ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆడియోను తెరిస్తే శబ్దం గీతలా కనిపిస్తుంది. మాటల మధ్య చదునుగా ఉన్న భాగాలే మౌనం. వాటిని కూడితే ఆగిన సమయం విడిగా వస్తుంది, తెలుగు–ఉర్దూ పలుకుల గొడవ చాలావరకు తగ్గుతుంది. అంత ఓపిక లేనిచోట, కనీసం ఒకే భాషలో ఒకే కార్డు చెప్పిన అదే తరగతి పిల్లల మధ్యే పోలిక పెట్టాలి.

యాభైలో నాలుగైదు తప్పులు దాటితే సెకన్లను లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది. వేగం కోసం తప్పులు మింగేసిన పిల్ల, తప్పు లేకుండా నిదానంగా చెప్పిన పిల్ల ఒకే పట్టికలో ఇమడరు. తనంతట తాను దిద్దుకున్న తప్పులను విడిగా గుర్తు పెట్టుకోవాలి.

నిదానానికి వేరే కారణాలూ ఉంటాయి. నత్తి ఉంటే ఆగడం పేరు వెతుకులాట వల్ల కాదు. ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం మగపిల్లల్లో ఎక్కువ కాబట్టి రంగుల కార్డు ఒక్కటే బాగా వెనకబడితే ముందు కళ్లు చూపించాలి. ఏకాగ్రత లోపం ఉన్న పిల్లల్లో రంగుల కార్డు నెమ్మదించడం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. వారు మొదటి రెండు వరసలు బాగా చెప్పి తర్వాత జారిపోవచ్చు. వరసవారీగా సమయం రాసుకుంటే అలాంటి జారుడు బయటపడుతుంది. కొత్త మనిషి ముందు బిగుసుకుపోవడం, నిద్రమత్తు, జలుబుతో చెవులు దిబ్బడవేయడం వంటివి ఇంకోరోజు చేస్తే తేలిపోతాయి.

ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు

పేర్లు చెప్పే వేగానికీ చదువుకూ ఉన్న సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె; 0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం), 2015లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో సుమారు 0.43గా తేలింది. ఇది చిన్నదేం కాదు. కానీ దాన్ని దానితోనే గుణిస్తే 0.18. అంటే పిల్లల చదువులో కనిపించే తేడాల్లో ఐదో వంతు కన్నా తక్కువ భాగమే దీనితో ముడిపడుతుంది. మిగతాది శబ్దాల మీద పట్టు, పదసంపద, బోధన, ఇంట్లో పుస్తకాలు, ఇంకా ఎన్నో.

రిపోర్టుల్లో రాసే ‘కింది 10 శాతం’ అన్న మాటను కూడా చూసి చదవాలి. రెండు వందల మంది ఉన్న బడిలో కింది 10 శాతం అంటే ఎప్పుడూ 20 మందే. బడి పిల్లలంతా చక్కగా చదివినా 20 మందే, సగం మంది చదవలేకపోయినా 20 మందే. ఆ గీత రోగాన్ని కాదు, వరసలో స్థానాన్ని చెబుతుంది.

దీనికి జోడీగా శబ్దాల పరీక్ష చేయాలి. ‘పలక’లో ‘ల’ తీసేస్తే ఏమవుతుంది, ‘కమలం’లో మధ్య అక్షరం ఏది వంటి నోటి ప్రశ్నలు. వుల్ఫ్, ప్యాట్రీషియా బవర్స్ 1999లో ప్రతిపాదించిన జంట లోపం సిద్ధాంతం ప్రకారం కొందరికి శబ్దాల దగ్గర ఇబ్బంది, కొందరికి వేగం దగ్గర, కొందరికి రెండింటిలోనూ. మూడో గుంపు వారికి చదువు అందరికన్నా కష్టం. పేర్లు చెప్పే వేగం కూడా శబ్దాలను గుర్తుతెచ్చుకునే శక్తిలో భాగమేనని వాదించే పరిశోధకులున్నారు, ఆ చర్చ ముగియలేదు. తరగతి గదిలో మాత్రం ఈ విభజన పనికొస్తుంది: ‘పలక’ ప్రశ్నకు ‘పక’ అని ఠక్కున చెప్పి, కార్డు దగ్గర ఈడ్చే పిల్లకు మళ్లీ శబ్దాల పాఠం చెప్పడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు.

సర్టిఫికెట్ వేరు, సాయం వేరు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు మూడో తరగతిలో లేదా 8 ఏళ్ల వయసులో బడిలో స్క్రీనింగ్ చేయాలని, ఆపైన తెలివితేటల పరీక్షతో పాటు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల సమూహం వాడాలని చెప్పాయి. సర్టిఫికెట్‌కు పేర్లు చెప్పే వేగం ఆధారం కాదు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సడలింపులన్నీ ఆ సర్టిఫికెట్ మీదే నడుస్తాయి.

రంగులు, బొమ్మల కార్డు ఐదేళ్లకే చేయొచ్చు. సర్టిఫికెట్ ప్రక్రియ మొదలయ్యేది 8 ఏళ్లకు. ఈ మూడేళ్లలోనే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు మీద పడతాయి. ఈ పరీక్షకు అసలు చోటు అక్కడే: ఏ ముద్రా వేయకుండా, ఎవరికి ముందుగా చేయి అందించాలో చూసుకోవడానికి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ బోయినపల్లిలో పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్‌లో రూపొందిన గ్లాడ్ లాంటి తరగతి స్థాయి కొలతలు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందాలు తర్వాతి మెట్లు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డిస్లెక్సియాను గుర్తించడానికి 2015లో భారతీయ భాషల కోసం తెచ్చిన ‘డాలీ’ సాధనం మొదటి విడత హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్‌లలో వచ్చింది. అందులో తెలుగు లేదు.

కార్డును బట్టీ పట్టిస్తే

ఫలితం తక్కువ వచ్చిందని ఇంట్లో రోజూ రంగుల కార్డులు చెప్పిస్తున్నవారున్నారు, ‘నేమింగ్ స్పీడ్’ ప్రాక్టీసు షీట్లు అమ్మేవారూ ఉన్నారు. ఆ కార్డు మీద సెకన్లు తగ్గుతాయి, నిజమే. చదువు వేగం దాంతో పెరుగుతుందనడానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదు. జ్వరం చూసే థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచినట్టే అది. పైగా తర్వాత నిజంగా పరీక్ష అవసరమైనప్పుడు ఆ కార్డు పనికిరాకుండా పోతుంది. వేగం దగ్గర ఆగిపోయిన పిల్లలకు పనిచేసేది చదువే: తన స్థాయికి ఒక మెట్టు కింద ఉన్న చిన్న పేరాను పెద్దవారు ఒకసారి చదివి వినిపించి, పిల్ల దాన్నే మూడు నాలుగుసార్లు గట్టిగా చదవడం. తరచూ వచ్చే ‘అన్నాడు, వచ్చింది, ఉన్నారు’ వంటి పదాలను ముక్కలు చేయకుండా ఒక్క చూపులో గుర్తుపట్టేలా చేయడం. ఒత్తులున్న పదాలను గుంపులుగా, ‘అమ్మ, బొమ్మ, కొమ్మ’ అన్నట్టు, ఒకచోట చదివించడం.

రిపోర్టు తీసుకునేటప్పుడు అడిగి రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ కార్డు, పిల్ల ఏ భాషలో చెప్పింది, ఎన్ని సెకన్లు, ఎన్ని తప్పులు, ఎన్ని తానే దిద్దుకుంది, ఏ పిల్లల సమయంతో పోల్చారు, ఆ లిపి నేర్చుకోవడం మొదలుపెట్టి ఎంతకాలమైంది. ఇవి లేకుండా ‘సగటు కన్నా తక్కువ’ అన్న మాట ఒక్కటే ఉంటే దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ఇవన్నీ ఉంటే మూడు, నాలుగు నెలల తర్వాత అదే భాషలో, అదే వస్తువులను వేరే వరసలో పేర్చిన కార్డుతో మళ్లీ కొలిచి, ఆ మధ్యలో చదివించిన పేరాల వేగంతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.